హాల్లో కుర్చీ

ఆదివారం. పొద్దున్నుంచి కొండ మీద మబ్బు కమ్ముకునే ఉంది, కింద తిరుపతిలో మాత్రం ఒక్క చినుకు రాలలేదు. మధ్యాహ్నం సంకటి తిన్నాక అమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. ఇవాళ్టి విశేషం అంతే.

ఏడాదిన్నరగా ఆమె నిద్ర హాల్లోని ప్లాస్టిక్ కుర్చీలోనే. రాత్రి రెండింటికి నీళ్ల కోసం లేస్తే, నడుం మీద చెయ్యి పెట్టుకుని వంటింటికీ గేటుకీ మధ్య తిరుగుతూ కనిపించేది. "పండుకుంటేనే పోటు రా, తిరగతా ఉంటే మేలు" అనేది. నాన్న దాన్ని టీవీ పిచ్చి అన్నాడు. పక్కింటావిడ, అలిపిరి మెట్లెక్కిన మొక్కు వల్లే అని తేల్చేసింది. నడుం బెల్టు, నొప్పి మాత్రలు, నాలుగు రకాల నూనెలు అయ్యాయి. ఎక్స్‌రే తీసి, ఎముక కొంచెం అరిగింది, ఈ వయసుకు మామూలే అన్నారు. ఎక్స్‌రేలో ఎముకలు కనబడతాయి గానీ నరం మీద గడ్డ కనబడదని మాకేం తెలుసు?

చివరికి ఒక డాక్టరు ఫైలు పక్కన పెట్టి, "రాత్రి ఎలా పడుకుంటారమ్మా?" అన్నాడు. అంతవరకూ ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. కుర్చీ సంగతి వినగానే ఎంఆర్‌ఐ రాశాడు. కాళ్లలో తిమ్మిరి ఉందా, కూర్చునే చోట స్పర్శ తెలుస్తోందా, ఒంటేలు ఆగిపోతోందా అని రెండుసార్లు అడిగాడు, అవి ఉంటే ఒక్కరోజు కూడా ఆగకూడదట.

తేలింది ష్వానోమా. నరం చుట్టూ ఉండే పొరలోంచి పుట్టే గడ్డ, చాలావరకు క్యాన్సర్ కాదు. వెన్నుపాము నడుం పైభాగంలోనే ఆగిపోతుందట, అక్కడి నుంచి కిందికి నరాలు గుర్రం తోకలా వేలాడతాయట, వాటిలో ఒకదాని మీద ఇది. "నా నడుంలో గుర్రం తోకేంది సార్" అని అమ్మ ఆయన్నే అడిగింది, టెన్షన్‌లో కూడా నవ్వొచ్చింది.

నడుం నొప్పి వచ్చినవాళ్లలో ఇలాంటిది నూటికి ఒక్కరికి కూడా ఉండదు కాబట్టి మొదటి డాక్టరు మీద నాకు పెద్ద కోపం లేదు. మా మీదే ఉంది. ఆమె రోజూ చెబుతూనే ఉంది కదా!

ఆపరేషన్ అయి రెండు నెలలు. బయాప్సీ మంచిగానే వచ్చింది.

సాయంత్రం లేచి, "ఇంతసేపా, లేపలేదేంరా, మల్లెలు వాడిపోవా" అని కసురుకుంటూ హాల్లోకి వచ్చింది. కుర్చీ మీద నాన్న తువ్వాలు ఆరేసి ఉంది.