చక్రానికి టోపీ

శనివారం. ఒంటిపూట బడి.

పొద్దున ఏడింటికి బండి తీద్దామని స్టాండు తన్నితే వెనక చక్రం నేలకు అతుక్కుని ఉంది. పూర్తిగా దిగలేదు, అలాగని ఎక్కి పోయేలానూ లేదు. వేలితో నొక్కితే మగ్గిన బత్తాయిలా లోపలికి పోతోంది. బుధవారం కూడా ఇదే వరస. ఆ రోజు బంకులో గాలి పట్టించి, పని అయిపోయిందనుకుని మర్చిపోయాను. ఇవాళ ఎనిమిదికల్లా బడిలో ఉండాలి. రామగిరి నుంచి కనగల్ వైపున్న మా బడికి నా వేగంతో అరగంట పైనే పడుతుంది.

మెట్ల కింద కాలిపంపు ఉంటే తెచ్చాను. వాల్వు దగ్గర వంగాక కనబడింది, మూత లేదని. ముందు చక్రం చూస్తే దానికీ లేదు. రెండు వాల్వులూ బోడిగా ఉన్నాయి, మరల సందుల్లో ఎర్రటి దుమ్ము. ఆ మూతలు చివరిసారి ఎప్పుడు చూశానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఉన్నన్నాళ్లూ వాటిని చూసిందెవరు?

మూత లేదు కాబట్టి గాలి పోతోందని అక్కడే తేల్చేశాను. ఫిజికల్ సైన్స్ చెప్పేవాణ్ణి కదా, కారణం అరక్షణంలో దొరికింది. ఈ మధ్యనే ఎనిమిదో తరగతిలో పీడనం గురించి చెబుతూ టైరు ఉదాహరణ తీసుకుని, "లోపలి గాలి బయటికి రాకుండా ఈ మూత ఆపుతుంది" అని బల్లగుద్ది మరీ చెప్పాను. రెండో బెంచీ పిల్ల లేచి, "మరి మూత తీసినప్పుడు గాలి పోదెందుకు సార్?" అంది. అంతలో బెల్లు కొట్టారు. బతికిపోయాను.

బడి సంగతి రాయడానికి ఏమీ లేదు. ఎండ, పరీక్షల హడావుడి, మధ్యాహ్న భోజనం. పన్నెండున్నరకు బయటికి వచ్చేసరికి పంపుతో కొట్టిన గాలి సగం దిగింది. బండి మీద ముందుకు జరిగి కూర్చుని, వెనక చక్రం మీద బరువు పడకుండా ఏదో జాగ్రత్త చేస్తున్నట్టు నన్ను నేను నమ్మించుకుంటూ దేవరకొండ రోడ్డు మీది చాచా దుకాణం దాకా వచ్చాను.

దుకాణమంటే ఒక వేపచెట్టు, దాని కింద కంప్రెసరు, పాత టైరు కోసి చేసిన నీళ్ల తొట్టి, అంతే. చాచాకు అరవై దాటి ఉంటాయి. నేను ఎంత చెప్పినా 'సార్' మానడు.

"చాచా, మూతలు పోయినయి. అందుకే గాలి దిగుతుంది. రెండు మూతలు ఇయ్యి, చాలు."

చాచా నవ్వాడు. "టోపీ పోతే గాలి పోతదా సార్? టోపీ పోతే తలకాయ పోతదా?"

చక్రం తిప్పి వాల్వును చేతికందేలా పైకి తెచ్చాడు. వేలికొన నాలుకకు తాకించి వాల్వు మూతి మీద రాశాడు. తడి పొర మెల్లగా ఉబ్బి బుడగైంది, పగిలింది, మళ్లీ ఉబ్బింది. తొట్టి నీళ్లతో పని లేకుండా పరీక్ష అయిపోయింది. వాల్వు కీ పెట్టి నాలుగు తిప్పులు తిప్పేసరికి మిగిలిన గాలి బుస్సుమని పోయి, పిన్ను ఆయన అరచేతిలో పడింది. అగ్గిపుల్లలో సగం కూడా లేదు. నడుమ సన్నటి కడ్డీ, దానికి వెంట్రుకంత స్ప్రింగు, కొసన ఆవగింజంత రబ్బరు. ఆ రబ్బరు చుట్టూ ఎర్రమన్ను తడిసి పేరుకుని, కుంకుమ అద్దినట్టుంది.

"గీ మన్ను జూడు సార్. మీ తొవ్వల మొరం టిప్పర్లు తిరుగుతయి గదా. టోపీ లేకుంటే గీ మూతిల దుమ్ము కూసుంటది. నువ్వు గాలి కొడితే ఆ దుమ్మును గూడ లోపలికి కొట్టినట్టే. రబ్బరు కింద ఒక్క రేణువు ఇరికిందనుకో, రాత్రంత సన్నగ పోతనే ఉంటది. గాలిని ఆపేది పిన్ను. టోపీ మన్నును ఆపుతది. గంతే."

కొత్త పిన్ను వేసి 28 దాకా గాలి పట్టాడు. మళ్లీ వేలు తడి చేసి రాశాడు. మూత లేదు, బుడగా లేదు. తడి పొర అలాగే, చెరువు నీళ్లలా కదలకుండా ఉంది. రెండో బెంచీ పిల్ల అడిగిందానికి జవాబు నా కళ్ల ముందు నిలబడింది. స్ప్రింగు ఒకవైపు రబ్బరును నొక్కి పెడుతుంది, లోపలి గాలి కూడా దాన్నే తోస్తుంది. గాలి ఎంత ఎక్కువుంటే తలుపు అంత గట్టిగా మూసుకుంటుంది. పీడనం పాఠానికి ఇంతకన్నా మంచి బొమ్మ లేదు. నేనేమో మూత బొమ్మ గీసి వచ్చాను. మూతలో రబ్బరు వాషరు ఉంటే పిన్ను కాస్త వదులైనా కొంత ఆదుకుంటుందట, అది వేరే మాట. ఇంటి తలుపు పాడైతే కర్టెను ఎన్నాళ్లు ఆపుతుంది?

"ఇంకోటి సార్. ఎండల నడిచొచ్చిన బండికి గాలి చూస్తే లెక్క ఎక్కువ చూపిస్తది. పొద్దుగాల చల్లగున్నప్పుడు ఒకపారి చూడు." ఇది మాత్రం నాకు తెలుసు. టైరు అయిదారు డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. తెలుసునని చెప్పలేదు. అప్పటికే ఒక విషయంలో మాట పడ్డాను కాబట్టి వినయంగా తల ఊపాను.

మూతల కోసం ఆయన ఒక గాజు సీసా తీశాడు. పనికిరాని ట్యూబుల నుంచి తీసి దాచినవి. నల్లవి, బూడిదరంగువి, ఒకటో రెండో ఇనుపరంగువి. మెరిసేది ఒకటి తీసుకోబోతే చేతి మీద కొట్టినంత పని చేశాడు. "అవి తీస్కోకు. ప్లాస్టిక్‌దే మంచిది."

ఎందుకని నేను అడగలేదు. రెండేళ్ల కింద మా బావమరిది ఆన్‌లైన్‌లో తలా ఒక పుర్రె బొమ్మ ఉన్న అల్యూమినియం మూతలు తెప్పించి, తన బండితో పాటు నా పాత స్కూటరుకూ ప్రేమగా బిగించాడు. వారం వారం బోరునీళ్లతో కడిగేవాణ్ణి. మా నల్లగొండ బోరునీళ్ల సంగతి చెప్పేదేముంది, బకెట్టు ఆరితే తెల్లటి పొక్కు కడుతుంది. ఎండాకాలంలో గాలి పట్టిద్దామని పోతే మూత రాలేదు. ప్లేయరుతో తిప్పితే మూతతో పాటు ట్యూబు మెడ కూడా ఊడి వచ్చింది. వాల్వు ఇత్తడి, మూత అల్యూమినియం, నడుమ ఉప్పునీళ్లు. రెండు లోహాలు, మధ్యలో ఒక ద్రావణం పెడితే ఏమవుతుందో బోర్డు మీద ఏటా బొమ్మ గీసి చెప్పేది నేనే. ఆ పుర్రెల రెండు చక్రాలకూ కొత్త ట్యూబులు వేయించాను, బావమరిదికి చెప్పలేదు.

పిన్నుకూ గాలికీ కలిపి ముప్పై రూపాయలు తీసుకున్నాడు. మూతలకు డబ్బులిస్తే, "టోపీకి పైసలేంది సార్" అని నా జేబులోనే పెట్టాడు. ఒకటి నల్లది, ఒకటి బూడిదరంగుది. జత కుదరలేదు. బండి కొంచెం కొంటెగా కనబడుతోంది.

దారిలో నాయన గుర్తొచ్చాడు. ఆయన సైకిలుకు ఈ పిన్నులు లేవు, వాల్‌ట్యూబు ఉండేది. పక్కన బెజ్జం ఉన్న సన్నటి గొట్టానికి రబ్బరు తొడుగు వేసి, పైన నట్టు బిగిస్తే అదే వాల్వు. పంపు కొట్టినప్పుడు గాలి రబ్బరును తోసుకుని లోపలికి పోతుంది, లోపలి గాలి వెనక్కి రాబోతే రబ్బరు బెజ్జానికి అతుక్కుంటుంది. రబ్బరు ఎండకు పాచిపోతుంది కాబట్టి చొక్కా జేబులో బస్సు టిక్కెట్లతో పాటు జానెడు వాల్‌ట్యూబు ముక్క ఎప్పుడూ ఉండేది ఆయనకు. ఎండాకాలం సెలవుల్లో నేను పానగల్ ఉదయ సముద్రానికి ఈతకు పోతానని భయం. అందుకని డ్యూటీకి పోయేముందు నా చిన్న సైకిలు నట్టు విప్పి, వాల్వు మొత్తం పీకి జేబులో వేసుకుని పోయేవాడు. తాళం వేస్తే పగలగొడతానని తెలుసు. వాల్వు లేని సైకిలును ఏం చేస్తాను? నడిచే పోయేవాణ్ణి, నాలుగు కిలోమీటర్లు. ఆ సంగతి ఆయనకు చివరిదాకా తెలియదనుకుంటాను.

ఇంటికొచ్చేసరికి ఒకటిన్నర. హాల్లో బండల మీద చాక్‌పీసుతో అష్టాచెమ్మ గళ్లు గీసి ఉన్నాయి. చుట్టూ అమ్మ, మా బిడ్డ, పక్క పోర్షన్ పిల్లలు ఇద్దరు. అమ్మ గవ్వలు వేస్తోంది. అన్నం తిని ఓ పక్కన చాప వేసుకుని ఫోను పట్టుకుని పడుకున్నాను. పిన్ను సంగతి ఇంకా మనసులో తిరుగుతోంది.

ఈ పిన్నుండే వాల్వును ష్రేడర్ వాల్వు అంటారు. ఆగస్ట్ ష్రేడర్ జర్మనీ నుంచి న్యూయార్కు వలసపోయినవాడు. రబ్బరు సామానుకు కావాల్సిన అమరికలు, నీళ్లలో దిగేవాళ్ల హెల్మెట్లు చేసేవాడు. ఆ దుకాణం నుంచే ఈ టైరు వాల్వు వచ్చింది, 1893లో పేటెంటు. ఊపిరాడకుండా పోయే చోట గాలిని అదుపు చేయడం నేర్చినవాళ్లకు టైరు ఓ లెక్కా? మన బైకుకు, కారుకు, లారీకి ఇప్పటికీ అదే మర, అదే మూత. ఏసీ గ్యాసు పట్టే చోట కూడా ఈ తరహా పిన్నే ఉంటుంది. ఇంకో మాట కూడా ఉంది. బైకులు విపరీతమైన వేగంతో పోతే చక్రం తిరిగే ఊపుకు పిన్ను తెరుచుకునే వైపు లాగబడుతుంది కాబట్టి, వాషరున్న గట్టి మూత ఉండాలట. మా కనగల్ తోవలో గడ్డి ట్రాక్టరు వెనక పోయేవాడికి ఆ చింత లేదు.

"చమ్మ!" అని అమ్మ అరిచింది. తల తిప్పి చూశాను. అమ్మ ఆకుపచ్చ కాయను నాలుగు గళ్లు జరిపింది. మా బిడ్డవి నల్లవి. ఇంకో పిల్లవాడివి వెండిరంగువి. నాలుగోవాడికి మాత్రం పాత గాజుముక్కలు.

ఆకుపచ్చ కాయకు లోపల మరలున్నాయి.

లేచి కూర్చున్నాను. నల్లవి నాలుగు చేతిలోకి తీసుకున్నాను. అందులో రెండు నా బండివే అయి ఉండాలి. మిగతా రెండు పాలాయన టీవీఎస్‌వని తర్వాత తెలిసింది. వెండివి ఇంటి ఓనరు కారువి. ఆకుపచ్చవి పై పోర్షన్ ఆయన కారువి. ఆయన నైట్రోజన్ పట్టిస్తాడు, గుర్తుగా వాళ్లు ఆకుపచ్చ మూతలు పెడతారు. మామూలు గాలిలో నైట్రోజన్ ఎలాగూ 78 శాతం ఉందని ఆయనతో ఒకసారి వాదించి, ఓడిపోయాను.

"చింతపిక్కలన్నీ ఒకటే రంగు డాడీ. ఎవరివేవో తెలుస్తలేదు, నానమ్మ తొండి ఆడుతుంది" అంది మా బిడ్డ.

"బండ్ల గాలి పోతే ఎట్ల అనుకున్నవ్?"

"పోదు డాడీ. ఫస్టు నీ బండిది తీసి చూసినా. చెవి పెట్టి విన్నా. ఏం రాలేదు. అప్పుడే మిగతావి తీసినా."

ఆరో తరగతి. కోప్పడదామని నోరు తెరిచి, దేని మీద మొదలుపెట్టాలో తెలియక దుమ్ము గురించి చెప్పాను. చాచా చూపించిన పిన్ను, ఎర్రమన్ను, రాత్రంతా పోయే గాలి. శ్రద్ధగానే విన్నది. వెంటనే అన్నీ ఏరబోతే అమ్మ నా చేయి పట్టుకుంది.

"ఆగురా, ఒక్క కాయ పండాలె నాకు. పొద్దటి సంది ఆడుతున్న."

కూర్చున్నాను. ఇంకేం చేస్తాను? ఆ ఒక్క కాయ పండేసరికి మూడున్నర దాటింది. మధ్యలో ఒకసారి నేను కూడా గవ్వలు వేశాను.

రాత్రి తొమ్మిదింటికి ఇద్దరం ఫోను లైటు వేసుకుని కిందికి దిగాము. నేను పాత బనీను ముక్కతో వాల్వు మూతి తుడవడం, మా బిడ్డ మూత వేలితో తిప్పడం. ఏది ఎవరిదో దానికి బాగా గుర్తుంది. మర అన్నిటికీ ఒకటే కాబట్టి తారుమారైనా పడతాయి, కానీ ఆకుపచ్చది ఓనరు కారుకు పడితే లేనిపోని పేచీ. పాలాయనవి రెండూ పొద్దున ఇవ్వడానికి కవరులో వేసి పెట్టాను. మిగిలిన రెండు నల్లవి ఎప్పటివో నా బండివి. దానికి ఇప్పుడు చాచా టోపీలు ఉన్నాయి కదా.

ఆకుపచ్చ నాలుగో మూత దగ్గర వంగి ఉండగా పై పోర్షన్ ఆయన చెత్త బుట్ట పట్టుకుని దిగాడు.

"ఏంది సార్, మా కారు గాలి తీస్తున్నరా?"

"లేదండీ, మూతలు పెడుతున్నం."

ఆయన టైరు వైపు, మా వైపు చూశాడు. "దానికి మూతలు గూడ ఉంటయా?" అన్నాడు.

పైకొచ్చేసరికి అమ్మ పడుకోలేదు. ఆ రెండు నల్ల మూతలు డబ్బాలో వేసుకుని, సోమవారం చాచాను అడిగి రంగుకు నాలుగు చొప్పున తెమ్మంది.