ఆదివారపు నీళ్లు

డార్బీలో రైలెక్కితే అరగంటకు క్రామ్‌ఫర్డ్ వచ్చింది. దిగినవాళ్లం నలుగురం. డెర్వెంట్ నది మీది పాత వంతెన దాటి మిల్లు గేటు దగ్గరకు చేరేసరికి, మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకున్న ఒక పెద్దావిడ నన్ను చూడగానే అరచేతిలో ఏదో నొక్కింది. టిక్ మని చప్పుడు. టికెట్టు ఎక్కడ తీసుకోవాలని అడిగాను. "టికెట్టు లేదు కాబట్టే ఇది. ఎంతమంది వచ్చారో మాకు తెలియాలి కదా" అంటూ తలలు లెక్కపెట్టే ఆ చిన్న పరికరాన్ని చూపించింది. నేను 112వ వాణ్ణి.

ఇంగ్లండులో ఏటా సెప్టెంబరులో హెరిటేజ్ ఓపెన్ డేస్ జరుగుతాయి. 1994లో మొదలయ్యాయి. మామూలుగా తాళం వేసి ఉండేవీ, లోపలికి వెళ్లాలంటే డబ్బు కట్టాల్సినవీ ఆ రోజుల్లో ఉచితంగా చూడవచ్చు. నడిపించేది ఎక్కువగా ఆయా ఊళ్లలోని వాలంటీర్లే. కోటలూ చర్చిలూ చూసేవాళ్లు చాలామందే ఉంటారు. నాకు మాత్రం మిల్లులూ పంపులూ అంటేనే ఇష్టం.

ఈ మిల్లు 1771లో మొదలైంది. పెట్టినవాడు రిచర్డ్ ఆర్క్‌రైట్, ఒకప్పుడు క్షురకుడు, విగ్గుల వ్యాపారి. నీటి చక్రంతో నూలు వడికించి ఫ్యాక్టరీ అనే పద్ధతికి ఇక్కడే దారి వేశాడు. మమ్మల్ని తిప్పి చూపించిన వాలంటీరు ఇదంతా రెండు వాక్యాల్లో ముగించి, వీధివైపు గోడ దగ్గర మాత్రం పావుగంట నిలబెట్టాడు. "ఇందులో ఏం లేదో చెప్పండి" అన్నాడు. చూస్తే, కింది భాగంలో ఒక్క కిటికీ లేదు. 1779లో లాంకషైర్‌లోని బర్కేకర్‌లో ఆర్క్‌రైట్‌కే చెందిన ఇంకో మిల్లును జనం తగలబెట్టారు. యంత్రాలు తమ పొట్ట కొడుతున్నాయని వాళ్ల కోపం. ఆ భయమే ఈ గోడలో కనిపిస్తుందని ఆయన అన్నాడు. ఫ్యాక్టరీని కోటలా కట్టుకోవాల్సి వచ్చిందంటే లోపల పని ఎలా సాగిందో ఊహించుకోవచ్చు. రాత్రింబవళ్లు షిఫ్టులు, పనివాళ్లలో చాలామంది పిల్లలు. ఈ సంగతి దాచకుండా చెప్పినందుకే ఆయన మీద గౌరవం పెరిగింది. వారసత్వం పేరుతో పొగడ్తలు వినీ వినీ విసిగిపోయి ఉన్నాను.

తర్వాతి కాలంలో ఇక్కడ రంగుల పొడి తయారు చేశారు. సీసం కలిసిన ఆ పొడి గోడల్లోకీ నేలలోకీ ఇంకింది. 1971లో మిల్లుకు 200 ఏళ్లు నిండాయని ఊరివాళ్లు ఉత్సవం చేసుకున్నారు. ఆర్క్‌రైట్ సొసైటీ పుట్టింది దాని నుంచే. 1979లో ఆ సొసైటీ మిల్లును కొని, ఏళ్ల తరబడి ఆ విషాన్ని తవ్వి తీయించింది. 2001లో ఈ లోయ మిల్లులన్నీ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

మధ్యాహ్నం క్రామ్‌ఫర్డ్ కాలువ గట్టు వెంబడి, నది నీళ్లు కాలువలోకి తోడే పాత ఆవిరి యంత్రం ఉన్న లీవుడ్ పంపుహౌస్‌కు నడిచాను. దూరం నుంచే 95 అడుగుల పొగగొట్టం కనిపించింది. పొగ మాత్రం లేదు. తలుపులు తెరుస్తారంటే యంత్రం కూడా నడుపుతారని నాకు నేనే అనుకున్నాను. బాయిలర్ ఆ రోజు చల్లగా ఉంది. నా ముఖం చూసి కాబోలు, నూనె మరకల కోటు వేసుకున్న ఒక ముసలాయన చేతిలోని గుడ్డ పక్కన పెట్టి, "ఆవిరి లేదు, నేనున్నాను" అన్నాడు.

కుడి చేతిని దూలంలా చాచి, మోచేతిని ఎడమ అరచేతి మీద ఆనించాడు. వేళ్లు కిందికి దిగుతుంటే "నీళ్లు" అనీ, లేస్తుంటే "ఆవిరి" అనీ అంటూ గడియారం చూసుకుని నిమిషానికి ఏడుసార్లు, ఒక్కటి తప్పకుండా ఊపాడు. ఒక్కో ఊపుకు దాదాపు నాలుగు టన్నుల నీరు నదిలోంచి కాలువలోకి ఎక్కుతుందట. ఆయన గోళ్ల చుట్టూ నలుపు, ఎన్నిసార్లు కడిగినా పోని రకం.

ఈ పల్లెటూరి కాలువకు ఇంత భారీ యంత్రం దేనికని అడిగాను. ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. గని సొరంగాల నుంచి కాలువకు వచ్చే నీళ్లు తగ్గిపోయాయి. నదిలో తోడుకుందామంటే దిగువ మిల్లులవాళ్లు ఒప్పుకోరు. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, శనివారం రాత్రి ఎనిమిది నుంచి ఆదివారం రాత్రి ఎనిమిది దాకా, మిల్లులు పడుకున్న వేళ మాత్రమే తోడుకోవాలి. వారానికి సరిపడా నీళ్లు ఒక్క రోజులో ఎక్కించాలి కాబట్టే 1849లో ఇంతటి యంత్రాన్ని పెట్టారు. 1944లో కాలువ మూతపడ్డాక ఇదీ ఆగిపోయింది. మళ్లీ నడిపించింది వాలంటీర్లు.

"ఊరంతా సెలవు తీసుకునే రోజున దీనికి పని. మాకూ అంతే" అని గుడ్డ తీసుకుని మళ్లీ ఇత్తడి తుడవడంలో పడ్డాడు.

సాయంత్రం స్టేషనుకు వెళ్తూ మిల్లు గేటు ముందు ఆగాను. పెద్దావిడ చెయ్యెత్తబోయి, నన్ను గుర్తుపట్టి దించేసింది. "మీరు పొద్దునే అయిపోయారు." అంకెను నోటు పుస్తకంలో రాసుకుని, పరికరం పక్కనున్న బొత్తాన్ని మర్నాటి కోసం సున్నాకు తిప్పింది.