దివిసీమ మడ అడవి: పాటు లెక్క ఇంకా తేలలేదు

చేపలు పట్టి తినే అడవి పిల్లి, బావురుపిల్లిని చూడ్డానికి అటవీ శాఖ అనుమతి వచ్చింది, నాగాయలంకలో పడవా కుదిరింది. ఈలచెట్లదిబ్బ వైపు మడ కాలవల్లోకి ఏ వేళకు దిగాలో, ఏ వేళకు బయటపడాలో మాత్రం తేలడం లేదు. చిరాకంతా అక్కడే.

దారి చూసి రావడానికి మాఘ పున్నమికి వెళ్లాం. బందరు ఆటుపోట్ల పట్టిక ప్రకారం మధ్యాహ్నం 2:50కి పాటు (నీళ్లు దిగడం) అయిపోయి పోటు (నీళ్లు ఎక్కడం) మొదలవ్వాలి. 2:20కి పిల్లకాలవలో పడవ ఒండ్రుకు ఆనింది. గెడ మీద సెంటీమీటరు గీతలు పెట్టి బురదలో పాతి చూశాను. 3:30కి నీళ్లు ఇంకో 9 సెంటీమీటర్లు దిగాయి, 4:00కి మరో 4. చివరికి 4:25కి నిలిచాయి. పడవ తేలేసరికి 5:40, మడల్లో అప్పటికే మసక. పట్టికకూ కాలవకూ గంటన్నర పైనే తేడా!

ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్లు వదలడం లేదు కాబట్టి ఏటి ప్రవాహం కారణం కాదు. నా అనుమానం కాలవ నోటి దగ్గరి ఇసుక మేట మీద. బయట సముద్రంలో పోటు మొదలైనా, దాని మట్టం లోపలి నీళ్లను అందుకునేదాకా కాలవ ఖాళీ అవుతూనే ఉంటుంది. పైగా మాఘ ఫాల్గుణాల్లో బంగాళాఖాతం మట్టమే కార్తీకంలో కంటే కిందికి ఉంటుంది. దీని వాటా ఎంతో విడదీయలేకపోతున్నాను.

పడవాయన మాత్రం, "పున్నమికెందుకు బాబూ, అష్టమికి రండి. నీళ్లు ఇంతలా దిగవు" అన్నాడు. నిజమే, కానీ అష్టమికి పోటూ తక్కువే. మేట దాటేంత లోతు వస్తుందా?

ఉపగ్రహ చిత్రాల మీద గీసుకున్న దారి మలుపులకు పనికొచ్చింది, లోతుకు కాదు. దారి చూపే జీపీఎస్ పరికరం గార్మిన్ ఈట్రెక్స్ బటన్లు బురద చేతులతోనూ పనిచేశాయి. ఇలాంటి చోట టచ్ ఫోన్‌ను నమ్ముకోవద్దనే నా మాట. పాలు కారే మడ చెట్టు తిల్ల కొమ్మలు మాత్రం విరవకండి, ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

ఈసారి బహుళ అష్టమికి రెండు గెడలు పాతుతాం. ఒకటి మేట దగ్గర, ఒకటి లోపల, పది నిమిషాలకోసారి కొలత. తేడా స్థిరంగా ఉందంటే బావురుపిల్లి కోసం పొద్దు వాలేదాకా ఆగొచ్చు. లేదంటే కాలవలు పక్కనబెట్టి, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం దాటకముందే సొర్లగొంది తీరం నడుస్తాం.