పదివేల ఎస్టిమేటు, నలభై వేల ఇల్లు

ఆ రోజు కాఫీ దగ్గరే మూడ్ పాడైంది. ఐదు డాలర్లు! రూపాయల్లో లెక్క కట్టొద్దని మా అమ్మాయి ఎంత చెప్పినా నాలుగొందల పైమాటే అని మనసు ఊరుకోదు. పైగా తనకు ల్యాబ్‌లో పనుందట. "క్యాంపస్‌లోనే హోమ్‌వుడ్ అని పాతకాలం జమీందారు ఇల్లుంది, చూస్తుండండి నాన్నా, గంటలో వచ్చేస్తా" అని వెళ్లిపోయింది.

బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎటు చూసినా ఎర్ర ఇటుక, తెల్ల స్తంభాలే. వాటన్నిటికీ మూలం ఈ ఇల్లట. జమీందారు బంగళా అంటే ఎంత ఎత్తుంటుందో అనుకున్నాను. తీరా చూస్తే ఎత్తు కంటే వెడల్పే ఎక్కువ. నడుమ పెద్ద ఇల్లు, రెండు పక్కలా చిన్న గదులు, వాటిని కలుపుతూ పొట్టి నడవాలు. కుడి ఎడమలు అచ్చం ఒకటే. స్తంభాలు చెరుకుగడల్లా సన్నంగా ఉన్నాయి. ఫెడరల్ శైలికి, అంటే అమెరికాకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఇళ్లు కట్టిన తీరుకి, ఆ నాజూకే అందమట. గుమ్మం మీద విసనకర్రలా విప్పుకున్న అద్దం మాత్రం నాకు బాగా నచ్చింది. లోపల మామూలు చెక్క తలుపులకు మహోగని చారలు గీసి రంగేశారు. మనం సన్‌మైకాతో చేసేదే!

ఎంతైంది ఈ ఇంటికి అని గైడ్‌ని అడిగాను. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన చార్లెస్ కారల్, 1800లో పెళ్లయిన కొడుక్కి కట్టించి ఇచ్చాడట. అనుకున్నది 10,000 డాలర్లు, అయింది 40,000.

నాకు తెనాలిలో మా నాన్న గుర్తొచ్చారు. మా ఇంటికి ఎనిమిది లక్షలని చెప్పి పంతొమ్మిది చేశాను. ఎలివేషన్ మార్చిన ప్రతిసారీ ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవారు. మాట్లాడేవారు కాదు, అదే భయం.

మా ఇంట్లో కనీసం మేస్త్రీ నుంచి కూలీల దాకా అందరూ శనివారం డబ్బు తీసుకున్నవాళ్లే. ఇక్కడ వంట, తోట, పిల్లల పని చేసింది బానిసలు. రాస్, కానర్ అనే రెండు కుటుంబాల గురించి గైడ్ చెబుతుంటే ఆ మహోగని తలుపుల మీద ముచ్చట తగ్గింది. కొడుకు తాగుడు తట్టుకోలేక కోడలు హ్యారియెట్ 1816లో ఇల్లు వదిలి వెళ్లిపోయిందట.

అమ్మాయి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి "బోర్ కొట్టిందా?" అంది.

"లేదు గానీ, నీ చదువుకి మొదట ఎంతన్నావు?" అన్నాను.