జొన్నగిరి చేలల్లో రాళ్లూ గుడ్లూ

గుత్తి బస్టాండు బయట పొద్దున ఏడింటికి నేను అడిగింది ఎర్రగుడి. ఆటో పోయింది జొన్నగిరికి. "మధ్యలో దింపుతా, ఎక్కు సామీ" అన్నాడు డ్రైవరు. అతని పక్కన సగం సీటులో ఒక కాలు బయట పెట్టుకుని కూర్చున్నాను. వెనక పదిమందికి తక్కువ లేరు. టార్పాలిన్ చుట్టలు, నీళ్ల క్యాన్లు, ఒక గ్యాస్ స్టవ్వు కూడా ఎక్కించారు. ఎర్రగుడి ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో నాకు తెలీదు, డ్రైవరుకు గుర్తులేదు. దిగాక వంద తీసుకున్నాడు. అంత దూరం రాలేదు కదప్పా అంటే, "సీజన్ కదా సామీ" అన్నాడు.

ఎర్రగుడి ఎందుకో చెప్పాలి. అక్కడ బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, బ్రాహ్మీ లిపిలో. వాటిలో లఘు శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఒకటి ఎడమ నుంచి కుడికి పోతే తర్వాతది కుడి నుంచి ఎడమకు వస్తుంది. దున్నేటప్పుడు గెనెం (చేని గట్టు) దగ్గర ఎద్దులు మళ్లినట్టు. ఇది చదివినప్పటి నుంచి కంటితో చూడాలని కోరిక. అనంతపురంలో పుట్టి పెరిగి, హైదరాబాదులో ఇరవై ఏళ్లు ఉద్యోగం చేస్తూ, ఊరికొచ్చిన ప్రతిసారీ వాయిదా వేశాను. ఎండాకాలం ఆ బండల మీద కాలు పెట్టలేం. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయన్న మాట మా వైపు సామెత కాదు, సమాచారం. అందుకే మృగశిర దాకా ఆగాను. మొన్న రాత్రి గట్టి వాన పడిందని తెలిసి బయల్దేరాను. నాకు తోచిన ముహూర్తమే రెండు మూడు జిల్లాలకు తోచిందని ఆటో దిగాక గానీ అర్థం కాలేదు.

రోడ్డు పక్క చేలల్లో ఎటు చూసినా వంగిన వీపులు. కూర్చున్నవాళ్లు, గొంతుకూర్చున్నవాళ్లు, చంటిబిడ్డను చీర నీడలో పడుకోబెట్టి మట్టి కెలుకుతున్నవాళ్లు. ఎవరూ మాట్లాడటం లేదు. పరీక్ష హాల్లో ఉన్నట్టుంది. వాన పైమట్టిని కడిగేస్తే రాళ్లు తేలుతాయి, వాటిలో వజ్రం ఉండొచ్చు. అటు వజ్రకరూరు దగ్గర భూమి లోతుల నుంచి వజ్రాలను మోసుకొచ్చిన కింబర్లైట్ రాతి గొట్టాలున్నాయి కాబట్టి ఇది ఉత్త భ్రమ కాదు. ఏటా జూన్‌లో ఎవరికో ఒకరికి దొరికిందని పేపర్లో వస్తుంది. ఆ వార్త చదివి వచ్చినవాళ్లలో దొరకనివాళ్ల గురించి పేపరు రాయదు. రోడ్డు మీద బండ్లు వెలిశాయి. ఉగ్గాని మిరపకాయ బజ్జి అరవై రూపాయలు. ఉగ్గాని చల్లారిపోయింది, అందులో నిమ్మకాయ వాసన కూడా లేదు. నీళ్ల సీసా ముప్పై. గుత్తిలో అదే సీసా ఇరవై.

వెనక్కి పోదామంటే ఆటోలన్నీ మనుషుల్ని దింపేవే, ఎక్కించుకునేవి లేవు. సాయంత్రం దాకా ఏం చేయాలో తెలీక చేన్లోకి దిగాను. ఆటోలో నా వెనక కూర్చున్న ఆమె చెయ్యెత్తి పిలిచింది. ప్రకాశం జిల్లా నుంచట, భర్తతో మూడో ఏడు వస్తోంది. "అన్నా, నిలబడి చూస్తే కనపడదు. కూర్చోవాలి. ఎండ ఎదురుగా పెట్టుకో" అంది. సూర్యుడు ఏటవాలుగా ఉన్నప్పుడే మెరుపు తెలుస్తుందట, నడినెత్తికొస్తే అన్ని రాళ్లూ ఒకటేనట. తెల్లగా మెరిసేదల్లా పలుగురాయేనని, బీరు సీసా పెంకు ఇంకా బాగా మెరుస్తుందని నవ్వింది. మూడేళ్లలో దొరికిందేమీ లేదు. ఈ పది రోజులు మాత్రం ఇంట్లో పొయ్యి, పాడి, అత్తగారు ఏవీ గుర్తు రావంది.

నేనూ కూర్చున్నాను. ముందు మోకాళ్లు నొచ్చాయి, తర్వాత నేల కనపడటం మొదలైంది. పైన ఎండి పెచ్చులు లేచిన ఎర్రమట్టి, వేలితో గీకితే కింద చల్లగా, ముద్దగా. గోధుమరంగు గులకరాళ్లు, చెకుముకి ముక్కలు, నిరుడు పెరకగా మిగిలిన బుడ్డల తొక్కలు. (మాకు చెనిక్కాయలు, గుత్తి దాటి ఈ పక్కకొస్తే అవే బుడ్డలు.) వాటి మధ్యలో ఒక ఎర్రటి చుక్క కదిలింది. ఆరుద్ర పురుగు. ముఖమల్ గుడ్డలో చుట్టిన కందిగింజంత. ఆరుద్ర కార్తె రావడానికి ఇంకా వారముంది, ఇది మాత్రం వచ్చేసింది. ఏడాదంతా నేల లోపలే ఉండి, తొలి వానలకు నాలుగు రోజులు పైకొచ్చి, ఉసుళ్లను తిని మళ్లీ మాయమయ్యే జీవి. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో వీటిని పెట్టి బడికి తీసుకుపోయేవాణ్ణి. మా అవ్వ చూసిందంటే తిట్లు. "వాన తెచ్చినవాళ్లను పెట్టెలో పెడతావురా, దరిద్రుడా!" వేలితో తాకితే కాళ్లు ముడుచుకుంది. కాళ్లు ఎనిమిదని లెక్కపెట్టడం నలభై ఆరేళ్లకు ఇదే మొదటిసారి.

పదింటప్పుడు తీతువు గోల మొదలైంది. నెత్తి మీదుగా వచ్చి, అరిచి, కొంచెం దూరంలో వాలి, మళ్లీ లేచి. అపశకునమని ఎవరో ఉమ్మేశారు. నేను రెండడుగులు జరిగి ఒక నున్నటి రాయి మీద చెయ్యి వేయబోయాను. రాయి కాదు. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు, మొనలు లోపలికి తిప్పి పెట్టిన నాలుగు గుడ్లు. గూడు లేదు, పుల్ల లేదు, నేలలో చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, అంతే. వెనక్కి వంగి చూస్తే మళ్లీ రాళ్లే. పొద్దున్నించి ఇన్ని కళ్లు ఈ నేలను వెతుకుతున్నాయి, వాటికి అడ్డం పడకుండా ఆ నాలుగూ అక్కడే ఉన్నాయి.

"దాన్ని ముట్టద్దప్పా!" అని గెనెం మీంచి ఒక కేక. చేను ఆయనదే. అరవై దాటి ఉంటాయి. విత్తే ముందు నేల కదిలించే గుంటక కట్టిన ఎద్దులు నిలబడున్నాయి. తిట్టడానికి వచ్చినాయన గుడ్లు చూసి మెత్తబడ్డాడు. "రెండేండ్ల నుంచి ఈన్నే పెడతాంది. ఆడ కంపకొమ్మ గుచ్చినా, మీవాళ్లెవరో పీకేసినారు."

మీవాళ్లు అన్నందుకు చివుక్కుమంది గానీ, కాదనడానికి నా చేతివేళ్ల నిండా ఆయన చేని మట్టే ఉంది.

"మామా, ఈ జనాన్ని పొమ్మనచ్చు కదా" అన్నాను.

"ఎంతమందిని పొమ్మందును? పదును వచ్చింది మొన్న రాత్రి. ఈ పొద్దు, రేపు. ఎల్లుండికి గాలికే ఆరిపోతాది. ఈ లోపల గుంటక తోలి గొర్రు పట్టల్ల. అది పోతే మల్లా వాన యాడ?" చేత్తో మట్టి తవ్వి ఆ పదును, అంటే విత్తడానికి చాలినంత తడి, చూపించాడు. జానెడు లోతున తడి నల్లగా గీత గీసినట్టు ఆగిపోయింది. వజ్రాలకు వచ్చినవాళ్లకు కావలసిందీ ఈ వానే, ఈ రెండు రోజులే. వాళ్లకేమో మట్టి కదపకూడదు, ఈయనకు కదపక తప్పదు. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర, ఇక్కడ అంతకంటే కాస్త మేలు. అందులో ఒక వానకు ఇంతమంది వాటాదార్లు.

ఆయన ఎద్దుల్ని అదిలించాడు. గుంటక వెనక మట్టి దుప్పటి మడతల్లా తిరగబడుతుంటే జనం తిట్టుకుంటూ లేచి పక్క చేన్లోకి సర్దుకున్నారు. ప్రకాశం ఆమె మాత్రం గుంటక వెనకే నడిచింది. కొత్తగా తేలిన రాళ్లు కదా. గుడ్ల దగ్గరికి వచ్చేసరికి పలుపు చిన్నగా లాగాడు. ఎద్దులు వంపు తిరిగి, మంచమంత జాగా వదిలేసి, మళ్లీ సాలులోకి వచ్చాయి. గెనెం దాకా పోయి మళ్లాయి. ఇటొచ్చాయి. అటు పోయాయి. మధ్యాహ్నం దాకా గెనెం మీద కూర్చుని అదే చూశాను. తీతువు ఎప్పుడు వచ్చి గుడ్ల మీద కూర్చుందో చూడలేదు, అరుపు ఆగిందని మాత్రం తెలిసింది. ఆయన ఒక జొన్నరొట్టె, బుడ్డల కారెం పెట్టాడు. అరవై రూపాయల ఉగ్గాని గుర్తొచ్చి ఇంకోసారి ఒళ్లు మండింది.

అమ్మ ఫోన్ చేసింది. శాసనాలు చూశావా అని అడగలేదు. "ఆడ పదునెంత పడింది?" అంది. జానెడు అన్నాను. "మనకు బెత్తెడు కూడా లేదు" అంది. మా చేను అమ్మేసి పదకొండేళ్లయింది.

తిరుగు ఆటో దొరికేసరికి చీకటి పడింది. ఈసారి నూటయాభై, రాత్రి రేటట. ప్రకాశం జంట అక్కడే గుడి అరుగు మీద పడుకుంటామన్నారు. ఇంకో గాలివాన మబ్బు లేచింది పడమట. ఎర్రగుడి దగ్గర డ్రైవరు తనకై తానే బ్రేకు కొట్టాడు. "పొద్దున మర్చిపోయినా సామీ, దిగుతావా?"

"ఈ చీకట్లో ఏం కనపడుతుంది, పోనీ" అన్నాను.