సగం బిళ్ళ

రీసెర్చ్‌కి సెలవు పెట్టి మా ఊరు నరసన్నపేట వచ్చాను. పొద్దున్న టిఫిన్ల వేళకి ఎదురింటి వదిన బాబుని వెంటబెట్టుకుని వచ్చింది, చేతిలో రిపోర్టుల కవరు. బాబుకి లుకేమియా. ఎముక మజ్జలో తెల్లకణాలు ఎదగకుండానే గుట్టలుగా పెరిగిపోయే జబ్బు, పిల్లల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. విశాఖలో పెద్ద కోర్సులన్నీ అయిపోయి ఇప్పుడు మెయింటెనెన్స్‌లో ఉన్నాడు, అంటే ఇంటి దగ్గరే రోజూ మెర్కాప్టోప్యూరిన్ బిళ్ళ, వారానికోసారి మెథోట్రెక్సేట్, నెలల తరబడి.

"డబ్బుల్లేనోళ్ళమని మందు తగ్గించీసారా ఏటమ్మా? సగం బిళ్ళేస్తే జబ్బు మళ్ళీ రాదా?" అంది.

డాక్టరుని అడగడానికి మొహమాటపడి ఈ అనుమానంతో ఎన్ని రాత్రులు నిద్ర పోలేదో.

రిపోర్టు చూశాను. తెల్లకణాల కౌంటు బాగా పడిపోయి ఉంది, జన్యు పరీక్షలో తేడా ఉందని రాశారు, డాక్టరు చేసింది సరైన పనే. మెర్కాప్టోప్యూరిన్ ఒంట్లో రూపం మార్చుకుని కణం డీఎన్ఏలోకి చొరబడుతుంది, అది మితిమీరకుండా విరగ్గొట్టే ఎంజైముని ఎన్‌యూడీటీ15 అనే జన్యువు తయారుచేయిస్తుంది. ఆ జన్యువు తేడాగా ఉన్న పిల్లల్లో మందు లోపలే పేరుకుపోతుంది, మామూలు డోసు వేస్తే మంచి తెల్లకణాలు కూడా పోయి ఇన్‌ఫెక్షన్లు పట్టుకుంటాయి. "వీడికి సగం బిళ్ళే నిండు బిళ్ళ వదినా" అన్నాను. కాసేపు నా మొహమే చూసింది.

మెర్కాప్టోప్యూరిన్ 1953 నుంచి వాడుకలో ఉంది. ఇలాగే ఈ మందు డోసుని మార్చే టీపీఎంటీ అనే ఇంకో జన్యువులో, యూరప్ వాళ్ళలో ఎక్కువగా కనిపించే తేడా సంగతి ముందే తెలిసింది, ఆసియా వాళ్ళలో ఎక్కువగా ఉండే ఈ ఎన్‌యూడీటీ15 తేడా సంగతి మాత్రం 2014, 2015ల్లో గానీ బయటపడలేదు. అన్నేళ్ళూ మన పిల్లల కౌంట్లు ఎందుకు పడిపోతున్నాయో తెలియకుండానే గడిచిపోయింది, నాకు మండేది అక్కడే.

ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు బీఈడీ చేసి టీచర్‌ని అవుదామనుకున్నాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకి ఇచ్చారని, 1948లో వేసిన పేపర్లో 16 మందిలో 10 మందికి కొన్నాళ్ళ పాటైనా గుణం కనిపించిందని అప్పుడే చదివాను. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. ఆ తర్వాత ఈ వీధిలోనే బాబుకి జబ్బు బయటపడింది, ఇక రీసెర్చ్‌కి వేరే టాపిక్ మీద మనసు పోలేదు.

వెళ్ళబోతూ, "వీడి చెల్లికీ ఇలాగే ఉంటాదా?" అంది వదిన. ఉండొచ్చు, కానీ ఈ రకం మందులు వాడాల్సి వస్తేనే దాంతో పని అని చెప్పాను. వచ్చే చెకప్‌లో డాక్టరుని నేరుగా అడగమని ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చాను.

సాయంత్రం మా గైడ్‌కి ఫోన్ చేశాను. మా స్టడీలో తల్లిదండ్రులకిచ్చే తెలుగు కరపత్రంలో డోసు ఎందుకు తగ్గిస్తారన్న ముక్కే లేదు, చేర్చి డ్రాఫ్ట్ పంపమన్నారు. రాస్తున్నాను. రేపు ముందు వదిన చేత చదివించి, అర్థంకాని చోట మార్చాలి.