తోటకూర పప్పు, నాలుగు ముద్దలు

బుధవారం.

మా ఆవిడ బ్యాంకుకి ఎనిమిదిన్నరకల్లా బయల్దేరిపోతుంది. నా డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి. అందుకని పాప పొద్దుటి టిఫిను, పదిన్నర అంబలి, మధ్యాహ్నం అన్నం నా వంతు. సాయంత్రం నుంచి వాళ్ళమ్మ చూసుకుంటుంది. ఇంట్లో మా అమ్మ ఉంది కాబట్టి ఇద్దరికీ ధైర్యం. వచ్చే నెలతో పాపకి రెండేళ్ళు నిండుతాయి. ఈ వయసు పిల్లల తిండి గురించి ఇళ్ళల్లో పడే టెన్షన్ అంతా ఇంతా కాదు కదా, ఈ రోజు మా ఇంట్లో ఏం జరిగిందో రాసి పెట్టుకుందామనిపించింది.

పొద్దున్న ఇడ్లీ. పిండి అందరికీ ఒకటే. ఆఖరి రేకులో రెండు గుంటల్లో వేసే పిండికి మాత్రం సన్నగా తురిమిన క్యారెట్ కలుపుతాను. అందరి ఇడ్లీలతో పాటే అవీ ఉడుకుతాయి, అదనంగా పట్టే టైము క్యారెట్ తురుముకున్నంతే. చట్నీకి వేరుశనగ గుళ్ళు వేయించి, పొట్టు తీసి, మెత్తగా పొడి చేసి సీసాలో పెట్టుకుంటాం. రెండు చెంచాల పొడిలో కాస్త పెరుగు కలిపితే పాప చట్నీ తయారు. గుళ్ళు మాత్రం చేతికివ్వం. అయిదేళ్ళలోపు పిల్లలకి వేరుశనగ గుళ్ళు, జీడిపప్పు, బాదంపప్పు లాంటివి పలుకుగా ఇస్తే ఊపిరి గొట్టంలో ఇరుక్కునే ప్రమాదముంది. ద్రాక్షపళ్ళు కూడా అంతే, నిలువుగా నాలుగు ముక్కలు కోసి పెట్టాలి. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. ఇవాళ కూడా పక్కింటి పిన్నిగారు ప్రేమగా గుప్పెడు వేయించిన గుళ్ళు తెచ్చారు. పొడి కొట్టి పెడతానండీ అని తీసుకున్నాను.

ఇడ్లీతో పాటు పాలు, చిన్న గ్లాసుడు. పాలు రోజుకి అరలీటరు దాటనివ్వద్దని పిల్లల డాక్టరుగారు చెప్పారు. ఆవుపాలలో, గేదెపాలలో ఇనుము చాలా తక్కువ. పాలతోనే కడుపు నిండిపోతే పప్పు, ఆకుకూర తినే ఆకలి ఉండదు, అలా రక్తహీనత వస్తుంది. అన్నం తినలేదని బాధపడి ఇంకో సీసా పాలు పట్టించే ఇళ్ళు మా వీధిలోనే చాలా ఉన్నాయి. పట్టించేది ప్రేమతోనే గానీ, పిల్లకి మాత్రం చెరుపే జరుగుతుంది.

పదిన్నరకి చోడి అంబలి, అంటే రాగి అంబలే. చోళ్ళు అమ్మే శ్రద్ధగా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకలొచ్చాక ఆరబెడుతుంది. తర్వాత దోరగా వేయించి మరపట్టిస్తాం. రెండు చెంచాల పిండిని ముందు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలపాలి. ఆ తర్వాతే మరిగే నీళ్ళలో పోసి, సన్నటి సెగ మీద అయిదారు నిమిషాలు తిప్పుతూ ఉడికించాలి. చల్లారాక మజ్జిగ కలిపి ఇస్తాను. బెల్లం వెయ్యను. తీపి అలవాటు కాని నాలుక మజ్జిగ పులుపునే ఇష్టంగా తాగుతుంది, మా పాప మూతికి మీసాలు వచ్చేలా తాగుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల్లో వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం చూపించారు. అదే పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా లేదు. మా తాతల కాలంలో మా శ్రీకాకుళం పల్లెల్లో పొలానికి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే తాగి బయల్దేరింది ఈ అంబలే. డబ్బాల్లో అమ్మే ఖరీదైన పొడుల కంటే నాకు దీనిమీదే నమ్మకం.

మధ్యాహ్నానికి తోటకూర పప్పు. నేను గట్టిగా పట్టుకున్న పద్ధతి ఒకటే. పిల్లలకి విడిగా వండక్కర్లేదు, ఇంటి వంటలోంచే ఉప్పూ కారం పడకముందు వాళ్ళ వాటా తీసి పెడితే చాలు. మొదట్లో అమ్మ దీనికి ఒప్పుకోలేదు. "పచ్చిమిరపకాయ పప్పుతో పాటు ఉడికితేనేరా రుచి" అనేది. ఇప్పుడు కందిపప్పు, తోటకూర, టమాటా, పసుపు మాత్రం కుక్కర్లో పెడుతుంది. మూత తీశాక ముందుగా పాప గిన్నెలోకి ఒక గరిటె. ఆ తర్వాత ఉప్పు, పోపులో వేగిన చీరిన మిరపకాయలు మా పప్పులోకి. రుచికి ఏ లోటూ రాలేదని అమ్మే అంటోంది.

పాప గిన్నెలో మెత్తటి అన్నం, పప్పు, చెంచాడు నెయ్యి, పైన నాలుగు చుక్కల నిమ్మరసం. నిమ్మరసం వేసేది పులుపు కోసమే కాదు. ఆకుకూరలో, పప్పులో ఉండే ఇనుము మాంసంలో ఉన్నదంత సులువుగా ఒంటికి పట్టదు. పక్కన సి విటమిన్ ఉంటే బాగా పడుతుంది.

నాలుగు ముద్దలు తింది. అయిదో ముద్దకి మొహం తిప్పేసింది.

"అయ్యో, గుప్పెడు కూడా తినలేదురా! అలా బాల్కనీలోకి తీసుకెళ్ళి కాకిని చూపిస్తూ పెట్టు, తినేస్తుంది" అంది అమ్మ.

"వద్దమ్మా. చాలనే చెబుతోంది అది."

"దానికేం తెలుసు చాలో చాలదో?"

నిజంగా వాళ్ళకి తెలుసు. నాకు ఇందులో ఏ అనుమానమూ లేదు. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాది నిండేసరికి సుమారు తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. "ఏడాది వరకు బాగా తినేది, ఇప్పుడేమయిందో" అని ప్రతి ఇంట్లో వినబడే బెంగకి చాలా వరకు కారణం ఇదే. అమ్మకి మాతా శిశు సంరక్షణ కార్డు తెచ్చి చూపించాను. అంగన్‌వాడీలో తూచినప్పుడల్లా పెట్టిన చుక్కలు గీత వెంబడే పైకి పోతున్నాయి. పిల్ల హుషారుగా ఆడుతోంది. ఇక ముద్దల లెక్క ఎందుకు? చుక్కలు కిందికి దిగుతుంటే, పిల్ల నీరసంగా ఉంటే అది వేరే మాట, అప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఏం పెట్టాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దవాళ్ళు నిర్ణయించాలి, తినాలో వద్దో, ఎంత తినాలో పిల్లలు నిర్ణయించుకోవాలి అంటుంది ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు. మా ఇంట్లో నేనూ మా ఆవిడా ఈ మాట మీదే నిలబడ్డాం. ఫోను చూపించి నోట్లో కుక్కితే గిన్నె ఖాళీ అవుతుంది, కడుపు నిండిందని పిల్లకి తెలిసే గుణం మాత్రం పోతుంది. అమ్మ కార్డు కాసేపు చూసి, "సరేలే, మీ నాన్న కూడా చిన్నప్పుడు తిండికి ఇలాగే ఏడిపించేవారట" అని నవ్వింది. గిన్నె తీసేశాను. మధ్యలో బిస్కెట్టు ఇవ్వకూడదని మాత్రం ఇద్దరం అనుకున్నాం. బిస్కెట్టు తిన్న పిల్లకి రాత్రి ఆకలెక్కడిది?

బీరకాయ సంగతి కూడా రాయాలి. ఇన్నాళ్ళూ పళ్ళెంలోంచి తీసి కింద పడేసేది. ఇవాళ మా పళ్ళెంలోంచి తనే ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. కొత్త రుచి ఒప్పుకోవడానికి పిల్లలకి పదిసార్లు, ఒక్కోసారి పదిహేనుసార్లు కూడా పడుతుందంటారు. పెడుతూ ఉండాలి, బతిమాలకూడదు. నాకు మాత్రం లోపల పండగలా అనిపించింది. బయటికి ఏమీ అనలేదు, అంటే మళ్ళీ తీసేస్తుందేమోనని.

సాయంత్రం సంగతులు ఫోన్లో విన్నాను. నాలుగింటికి ఉడికించిన చిలగడదుంప, వేళ్ళతో పట్టుకునేలా పొడుగ్గా కోసి పెట్టిందట అమ్మ. చుట్టాలెవరో వస్తూ జ్యూస్ ప్యాకెట్ తెచ్చారట. రెండేళ్ళలోపు పిల్లలకి చక్కెర కలిపిన పానీయాలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన మాట మా ఆవిడ వాళ్ళకి మెల్లగా చెప్పి, పాపకి బొప్పాయి ముక్కలు పెట్టిందట. నాకైతే అంత నేర్పుగా చెప్పడం రాదు. రాత్రికి దోసె మీద గుడ్డు కొట్టి పోసి రెండువైపులా బాగా కాల్చింది. సగం దోసె, పైన పెరుగన్నం. పెరుగన్నం రెండోసారి కూడా అడిగి పెట్టించుకుందట! మధ్యాహ్నం తగ్గింది రాత్రికి తనే సర్దుకుంది. ఒక పూట కాదు, నాలుగైదు రోజులు కలిపి చూసుకోవాలని అమ్మకి మళ్ళీ చెప్పాలి.

రేపటికి పెసరట్టు. పెసలు నానబెట్టమని చెప్పాను, గుప్పెడు బియ్యంతో. పిండి రుబ్బేటప్పుడు ముందు అల్లం ముక్క చిన్నది మాత్రమే వేసి, పాప గిన్నెడు తీశాక మిరపకాయలు వెయ్యాలి. మునగాకు మిగిలి ఉంటే సన్నగా తరిగి తన పిండిలో కలపాలి. ఉందో లేదో పొద్దున్న చూసుకోవాలి.